భంజబిహార్‌లో పీజీ సీటు: హాస్టలా, బయట గదా?

రాయగడ_అన్నయ్య అడిగినది:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. మా చెల్లికి బరంపురం యూనివర్సిటీలో (భంజబిహార్ క్యాంపస్) ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది. హాస్టల్‌కి దరఖాస్తు పెట్టాం, జాబితా ఇంకా రాలేదు. ఈలోగా తెలిసినవాళ్ళు గాంధీనగర్‌లో ఇద్దరమ్మాయిలు ఉండే గది ఒకటి, అంబపువాలో ప్రైవేటు లేడీస్ హాస్టల్ ఒకటి చూసిపెట్టారు. అమ్మేమో క్యాంపస్ లోపలే ఉండాలంటోంది. చెల్లి బయటే నయమంటోంది, వంట చేసుకోవచ్చు, గేటు టైము గొడవ ఉండదు అని.

ఖర్చులో అసలు తేడా ఎలా లెక్కగట్టాలి? బయట గదైతే అడ్వాన్సు ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి? జాబితా రాకుండానే క్లాసులు మొదలైపోతే ఏం చేస్తారు? పార్వతీపురంలో మామయ్య దగ్గర స్కూటీ ఒకటి ఖాళీగా పడి ఉంది, ఆంధ్రా నెంబరు. అది ఇచ్చేస్తే ఊళ్ళోంచి తిరగొచ్చు కదా అన్న ఆలోచన కూడా ఉంది.

గోపాల్‌పూర్_రోడ్డు:

ముందు దూరం సంగతి తేల్చుకోండి, అద్దె సంగతి తర్వాత. యూనివర్సిటీ బరంపురం ఊళ్ళో లేదు. భంజబిహార్ క్యాంపస్ స్టేషన్ నుంచి సుమారు 12 కిలోమీటర్లు, గోపాల్‌పూర్ దారిలో. గాంధీనగర్ గది "సెంటర్లో ఉంది" అని ఎవరైనా చెబితే అది ఊళ్ళోని ఖల్లికోట్ యూనివర్సిటీలో చదివేవాళ్ళకి పనికొచ్చే మాట. మీ చెల్లికి రోజూ 12 పోను, 12 రాను. అంబపువా అయితే గోపాల్‌పూర్ వైపే కాబట్టి ఊరు దాటే ట్రాఫిక్ తప్పుతుంది. మూడో దారి కూడా ఉంది, మీరు అడగలేదు గానీ: క్యాంపస్ గేటు చుట్టుపక్కల, రంగైలుండ వైపు ఊళ్ళలో గదులు ఇస్తారు. నడిచి వెళ్ళే దూరమే. కాకపోతే రాత్రి వీధిదీపాలు ఎంతవరకు ఉన్నాయో, మందుల షాపు ఎక్కడుందో చూసుకోవాలి.

కెమిస్ట్రీ కాబట్టి ఇంకో మాట. ప్రాక్టికల్స్ మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా నడుస్తాయి. రిఫ్లక్స్ (గంటల తరబడి మరగబెట్టే ప్రయోగం) పెట్టినది మధ్యలో దించేసి బస్సుకి పరిగెత్తడం కుదరదు. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు వస్తే ఇంకా ఆలస్యం. అందుకని గది చూడ్డానికి పగలు కాదు, ఏదైనా పనిరోజు సాయంత్రం 6:30కి క్యాంపస్ గేటు దగ్గర స్టాపులో నిలబడి, అక్కణ్ణుంచి ఆ గది దాకా వెళ్ళి చూడండి. బస్సు ఎంతసేపటికి వచ్చింది, దిగాక ఎంత నడక, ఆ నడకలో మనుషులు తిరుగుతున్నారా లేదా అన్నది ఆ ఒక్క సాయంత్రంలోనే తెలిసిపోతుంది. ఆదివారం చూస్తే ఏమీ తెలీదు.

ఇక లెక్క. అద్దెకీ హాస్టల్ సీటు అద్దెకీ పోలిక పెడితే తప్పుతుంది. బయట నెలకి పడేవి: అద్దెలో వాటా, కరెంటు, తాగే నీళ్ళు, భోజనం, బస్సు. ఉదాహరణకి వాటా 3,500, కరెంటు 400, నీళ్ళ క్యాన్లు 200, రెండు పూటల క్యారియరు 3,000 అనుకోండి. బస్సుకి పోను 20, రాను 20 వేసుకుంటే 24 రోజులకి 960. మొత్తం 8,060. ఈ అంకెలు నమూనాకే, మీకు చెప్పిన ధరలు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. దీనికి మొదటిరోజు కొనే సరుకు కలపాలి: పరుపు, దోమతెర, బకెట్లు, ఇండక్షన్ పొయ్యి, నాలుగు గిన్నెలు, టేబులు, కుర్చీ. అదంతా 8,000 అయితే, 20 నెలలు వాడతారనుకుంటే నెలకి 400.

చాలామంది వదిలేసేది సెలవులు. వేసవి, దసరా అన్నీ కలిపి ఏడాదిలో రెండు నెలలు గది తాళం వేసి ఉంటుంది, అద్దె మాత్రం 12 నెలలూ కట్టాలి. పై లెక్కలో అది ఏడాదికి 7,000. హాస్టల్‌కైతే నోటీసులో ఉన్న అన్ని పద్దులూ (అడ్మిషన్, సీటు అద్దె, నీళ్ళు కరెంటు చార్జీ, ఎస్టాబ్లిష్‌మెంటు) ఏడాదికి కూడి, 10తో భాగించి, దానికి మెస్ బిల్లు కలపండి. తిరిగొచ్చే డిపాజిట్లు రెండువైపులా లెక్కలోంచి తీసేయండి. అప్పుడు చూసేది సమానమైన రెండు అంకెలు.

నా మాట అడిగితే: మొదటి ఏడాది హాస్టల్లో, ఊరు తెలిశాక రెండో ఏడాది కావాలంటే బయట. వెనక్కి తిప్పి చేయడం కష్టం, ఎందుకంటే హాస్టల్ సీట్లు సాధారణంగా ఏడాది మొదట్లోనే నిండిపోతాయి.

మీటర్_చూడు:

బయట గది ప్రశ్నకి నేను చెబుతాను. అడ్వాన్సు ఇవ్వకముందు గదిలో ఒక గంట గడపాలి, ఒక లీటరు సీసా, ఒక సబ్బు, ఒక వాటర్ హీటర్ రాడ్ పట్టుకెళ్ళి.

కరెంటుతో మొదలుపెట్టండి. బరంపురంలో సరఫరా టాటా పవర్ సదరన్ ఒడిశా వాళ్ళది, 2021 జనవరి నుంచి. ఇంటి వాడకానికి తొలి 50 యూనిట్లకి యూనిట్ సుమారు 3 రూపాయలు, 200 దాకా 5 లోపు, ఆపైన 6 దగ్గరకి వెళ్తుంది. గదికి సొంత మీటరు ఉంటే ఈ రేటు మీకే దక్కుతుంది. నాలుగు గదులకి ఒకే మీటరు, లోపల సబ్ మీటర్లు ఉంటే వాడకమంతా కలిసి పై స్లాబుకి పోతుంది. ఓనరు యూనిట్‌కి 7 అడిగితే నష్టం లేకుండా చూసుకుంటున్నాడనుకోవచ్చు. 10 అంటే మాత్రం బేరం ఆడండి, అసలు బిల్లు చూపించమనండి.

సబ్ మీటరు సరిగ్గా తిరుగుతోందా అన్నది 20 నిమిషాల పని. గదిలో అన్నీ ఆపేయండి. మీటరు మీద ఎర్ర లైటు మెరవకూడదు. మెరుస్తూ ఉంటే పక్కగది లైనో, మెట్ల లైటో, మోటారో మీ మీటరుకి కలిసి ఉంది. తర్వాత 1,500 వాట్ల రాడ్ బకెట్ నీళ్ళలో పెట్టి సరిగ్గా 20 నిమిషాలు. 0.5 యూనిట్ తిరగాలి. మీటరు మీద యూనిట్‌కి 3,200 ఇంపల్స్ (మెరుపులు) అని రాసి ఉంటే ఆ 20 నిమిషాల్లో లైటు 1,600 సార్లు మెరుస్తుంది. అన్నీ లెక్కపెట్టక్కర్లేదు, నిమిషానికి 80 వస్తే చాలు. వోల్టేజీ తక్కువగా ఉంటే ఈ సంఖ్య తగ్గుతుంది: 230కి బదులు 200 ఉంటే రాడ్ తాగే కరెంటు దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. అంటే మీటరు తక్కువ చూపడానికి కారణం ఉండొచ్చు గానీ, నిమిషానికి 100 మెరుపులు దాటితే మీటరు తప్పుగా పరిగెడుతున్నట్టే. చేరినరోజు రీడింగు ఫోటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. తేదీ అదే సాక్ష్యం.

అదే రాడ్ ఇంకో పని చేస్తుంది. అది నడుస్తున్నప్పుడు ఫ్యాను మందగించిందా, స్విచ్చుబోర్డు వేడెక్కిందా చూడండి. వేడెక్కితే లోపల తీగ సన్నం, లేదా స్క్రూ వదులు. అలాంటి బోర్డు మీద ఇండక్షన్ పొయ్యి పెడితే సాకెట్ కరిగిపోతుంది. ఇండక్షన్‌కి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ అడగండి. ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ టెస్ట్ బల్బుతో చూస్తాడు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పూర్తి వెలుగుతో వెలగాలి, మిణుకుమంటే ఎర్త్ పేరుకే. సముద్రగాలి ఊరు, గోడలు చెమ్మగా ఉంటాయి, వానాకాలంలో కూలరు, ఇస్త్రీపెట్టె షాక్ కొట్టేది ఈ ఎర్త్ లేకే. ఆడపిల్ల ఒంటరిగా ఉండే గదిలో దీన్ని చూసీ చూడనట్టు పోకండి.

నీళ్ళు. కుళాయి నీళ్ళు సీసాలో పట్టి ఓ రాత్రంతా మూత తీసి ఉంచండి. తెల్లారేసరికి అడుగున గోధుమరంగు పొర కడితే ఇనుము ఎక్కువ. బోరులోంచి వచ్చినప్పుడు తేటగానే ఉంటుంది, గాలి తగిలాక తుప్పు దిగుతుంది. తెల్లబట్టలు, జుట్టు, పప్పు అన్నీ పాడవుతాయి. సబ్బు నురగ రాకుండా తెల్లటి పిట్టు కడితే ఉప్పునీళ్ళు, గట్టినీళ్ళు. అలాంటి నీళ్ళతో పప్పు ఉడకదు, గ్యాసు అదనం. మున్సిపాలిటీ కుళాయి ఉంటే ఏ పూట ఎంతసేపు వదులుతారో, ట్యాంకు ఎన్ని లీటర్లో, ఎంతమంది వాడతారో అడగండి. మనిషికి రోజుకి 100 లీటర్లు వేసుకుంటే, 10 మంది ఉన్న ఇంటికి 500 లీటర్ల ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ.

పై అంతస్తు గది తీసుకోకండి, స్లాబు ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి 11 వరకూ వేడి వదులుతూనే ఉంటుంది. రేకుల గది అసలు వద్దు. అక్టోబరు అంటే ఇక్కడ తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. రేకులు, అద్దాల కిటికీలు, ఇంటి పక్క పెద్ద చెట్టు, ఈ మూడూ లేని గది చూసుకోండి.

కాగితం: 11 నెలల అగ్రిమెంటు రాసుకోండి. ఏడాది పైబడితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టే అందరూ 11 దగ్గర ఆగుతారు. అందులో ఉండాల్సినవి: అడ్వాన్సు ఎంత, ఎన్నిరోజుల్లో తిరిగిస్తారు, యూనిట్ రేటు, సున్నం ఖర్చు కోస్తారా, ఖాళీ చేయడానికి ఎన్నిరోజుల ముందు చెప్పాలి, పరీక్షల నెలలో ఖాళీ చేయమనకూడదన్న మాట. కాగితం ఒడియాలో రాస్తే చదివించుకుని సంతకం పెట్టండి. అద్దెకుండేవాళ్ళ వివరాలు పోలీసులకి ఇవ్వడానికి ఒడిశా పోలీసుల పోర్టల్లో వీలుంది. ఓనరు అది చేయిస్తానంటే మంచి ఓనరని అర్థం, భయపడకండి.

మెస్_సెక్రటరీ:

అందరూ బయట గది గురించే చెబుతున్నారు, హాస్టల్ బిల్లు ఎలా తయారవుతుందో కూడా తెలుసుకుంటే అమ్మగారి మాటకి బలం వస్తుందో తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

యూనివర్సిటీ మెస్‌లలో సాధారణంగా డివిడెండ్ పద్ధతి. నెల ఖర్చంతా కూడి, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. 80 మంది 30 రోజులు తింటే 2,400 రోజులు. సరుకు ఖర్చు తినేవాళ్ళని బట్టి పెరిగి తగ్గుతుంది, వంటవాళ్ళ జీతం తగ్గదు. జీతాలు 60,000 అనుకుంటే మామూలు నెలలో రోజుకి 25 రూపాయలు పడుతుంది. దసరా నెలలో సగంమంది ఇళ్ళకి పోతే అదే జీతం 1,200 రోజుల మీద పంచాలి, రోజుకి 50. కూర మారలేదు, బిల్లు పెరిగింది అని పిల్లలు గొడవపడేది ఈ నెలలోనే. కారణం ఇదే.

ఊరెళ్ళినప్పుడు మెస్ కట్ (తినని రోజులకి బిల్లు తగ్గింపు) రాయించుకోవాలి. ఎన్నిరోజులు వరుసగా లేకపోతే కట్ ఇస్తారు, ఎన్నిగంటల ముందు రిజిస్టరులో రాయాలి అన్నది హాస్టల్‌ని బట్టి మారుతుంది, చేరినరోజే అడగండి. ఫోన్ చేసి చెప్పాం అంటే చెల్లదు, రిజిస్టరులో సంతకం ఉండాలి. శనివారం రాయగడ వెళ్ళి సోమవారం వచ్చేవాళ్ళకి చాలాచోట్ల కట్ రాదు.

గదిలో ఇండక్షన్, రాడ్, కెటిల్ దొరికితే తీసుకుపోతారు, జరిమానా వేరే. ఎందుకంటే ఒక్కో అంతస్తు తీగలు ఫ్యాన్లకి, లైట్లకి లెక్కగట్టి వేసినవి. పది గదుల్లో పది రాడ్లు పెడితే 15 కిలోవాట్లు. వంట చేసుకుందామన్న మీ చెల్లి ఆశ హాస్టల్లో తీరదు, అది ముందే చెప్పేయండి.

స్కాలర్‌షిప్ మర్చిపోకండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో హాస్టలర్‌కీ డే స్కాలర్‌కీ వేర్వేరు రేట్లు. ఎస్సీ విద్యార్థులకి 2021లో మార్చిన కేంద్ర నిబంధనల్లో ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సులకి ఏడాదికి హాస్టలర్‌కి 13,500, డే స్కాలర్‌కి 7,000. మిగతా కోర్సులకీ తేడా ఉంది. ఊళ్ళో గది తీసుకుని ఉన్నంతమాత్రాన హాస్టలర్ అయిపోరు. మీకు ఏదైనా స్కాలర్‌షిప్ వర్తిస్తే ఆ తేడాని కూడా 10తో భాగించి పైన చెప్పిన లెక్కలో బయట ఖర్చుకి కలపండి. ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు పెట్టేటప్పుడు హాస్టలర్ అని నొక్కి, సర్టిఫికెట్ లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. మధ్యలో హాస్టల్ వదిలేస్తే కూడా చెప్పాలి.

ర్యాగింగ్ భయంతో బయట పెట్టేవాళ్ళూ ఉన్నారు. యూజీసీ 2009 నిబంధనలు క్యాంపస్ బయట హాస్టళ్ళకీ, కాలేజీ బస్సులకీ కూడా వర్తిస్తాయి. కొత్తవాళ్ళని వీలైనంతవరకు వేరే బ్లాకులో పెట్టాలని అందులోనే ఉంది. హెల్ప్‌లైన్ 1800-180-5522. అంబపువా ప్రైవేటు హాస్టల్‌ని ఈ ప్రశ్నలు అడగండి: పోలీసుల దగ్గర నమోదు చేశారా, రాత్రిపూట వార్డెన్ అక్కడే పడుకుంటుందా, గ్రిల్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, మంటలు వస్తే రెండో దారి ఉందా. తాళంచెవి కింద ఓనరు దగ్గర ఒకటే ఉంటే ఆ హాస్టల్ వద్దు.

రాయగడ_అన్నయ్య:

అందరికీ ధన్యవాదాలు. కరెంటు పరీక్ష నేనే వెళ్ళి చేస్తాను. రెండు విషయాలు మిగిలాయి. అంబపువా హాస్టల్ వాళ్ళు నెల ఫీజు మీద జీఎస్టీ కూడా కట్టాలంటున్నారు, నిజమేనా? తిండి సంగతి, స్కూటీ సంగతి ఎవరూ చెప్పలేదు.

కోర్టుపేట_పిన్ని:

జీఎస్టీ అక్కర్లేదు బాబూ. మనిషికి నెలకి 20,000 లోపు ఉండి, వరసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే కాలేజీ బయట హాస్టళ్ళకి కూడా మినహాయింపు ఇచ్చారు, 2024 జులై 15 నుంచి. 90 రోజులకి తగ్గకుండా ఉంటామని కాగితం మీద రాయించుకోండి, ఆ మినహాయింపు దాని మీదే ఆధారం. ఇంకా అడిగితే జీఎస్టీ నెంబరున్న బిల్లు ఇవ్వమనండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

తిండి అంటే ముందు బియ్యం. ఒడియా మెస్‌లలో ఎక్కువగా ఉసునా బియ్యమే, మనం ఉప్పుడు బియ్యం అంటామే, అది. రాయగడ పిల్లకి కొత్తేమీ కాదనుకోండి. అరువా (పచ్చి) బియ్యం కావాలంటే క్యారియర్లు ఇచ్చే తెలుగిళ్ళు ఊళ్ళో దొరుకుతాయి, కానీ భంజబిహార్ దాకా పంపుతారా అన్నది అడగాలి. మధ్యాహ్నం అన్నం 12 కిలోమీటర్లు మోసుకొస్తే ఎండాకాలంలో పప్పు పులుస్తుంది. అందుకని క్యాంపస్‌లో క్లాసులున్న పిల్లకి మధ్యాహ్నం మెస్‌లోనో క్యాంటీన్‌లోనో, రాత్రికి మాత్రం క్యారియరు.

మెస్‌లో దాల్మా (కూరగాయలేసిన పప్పు), సంతులా (ఉడికించిన కూరగాయల కూర) రోజూ తగులుతాయి, కారం మనకి చాలదు. ఓ ఆవకాయ సీసా, కందిపొడి పంపితే సరిపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ఊరగాయ పంపకండి, నూనె కారి పుస్తకాల పెట్టె నాశనం. కార్తీకమాసంలో ఒడియా ఇళ్ళల్లో మాంసం చేపలు మానేస్తారు, చాలా మెస్‌లలో కూడా ఆ నెల అంతంతమాత్రమే. ఓనరు ఒకే వంటింటి కప్పు కింద ఉంటే గుడ్డు కూడా వద్దనొచ్చు. మార్గశిర గురువారాలు మాణబసా అనే లక్ష్మీపూజ, ఆ రోజు ఇంట్లో ఎంగిలి, వాసన అని పట్టింపు ఎక్కువ. గది తీసుకునేటప్పుడే ఈ మాట అడిగేస్తే తర్వాత ముఖాలు మాడ్చుకోవక్కర్లేదు.

వంట చేసుకుంటానంటే 5 కిలోల సిలిండరు దొరుకుతుంది, కనెక్షన్ లేకుండా గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. వీధి చివర చిన్న సిలిండర్లలో గ్యాసు నింపిచ్చేవాళ్ళ దగ్గరకి వెళ్ళనివ్వకండి. వాల్వు సరిగా పట్టదు, గది చిన్నది, కిటికీ మూసి పడుకుంటారు.

పాతూర్లో గది తీసుకునేవాళ్ళకి ఓ మాట: రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు నెలపాటు ఆ వీధుల్లో రాత్రి మైకులు, జనం, బళ్ళు పోవు. చూడ్డానికి ఎంతో బావుంటుంది, సెమిస్టరు పరీక్షలు చదివే పిల్లకి మాత్రం కాదు.

గోపాల్‌పూర్_రోడ్డు:

స్కూటీకి నేను చెబుతాను. లైసెన్సు ఎక్కడిదైనా దేశమంతా చెల్లుతుంది, బండి సంగతి వేరు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నెంబరు వేయించుకోవాలి. ఆంధ్రా ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఒడిశాలో రోడ్డు ట్యాక్సు, మళ్ళీ రిజిస్ట్రేషన్. రెండేళ్ళ కోర్సుకి ఆ తిప్పలు మామయ్య పేరుమీదున్న పాత బండికి దండగ. మీ ఇంట్లో రాయగడ నెంబరున్న బండి ఏదైనా ఉంటే అదివ్వండి, ఆంధ్రా స్కూటీ మీరు వాడుకోండి. అసలు మొదటి సెమిస్టరు బండి లేకుండా గడవనివ్వండి. చీకటి పడ్డాక ఆ దారిలో పశువులు, లారీలు, గోపాల్‌పూర్ నుంచి పిక్నిక్ ముగించి వచ్చే కార్లు. హెల్మెట్ పెట్టుకున్నంతమాత్రాన సరిపోయే దారి కాదు.

ఇచ్ఛాపురం_లోకల్:

ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకోసం. ఇచ్ఛాపురం నుంచి బరంపురం రైల్లో సుమారు 25 కిలోమీటర్లు. విద్యార్థుల సీజన్ టికెట్ మామూలు దాంట్లో సగం ధరకి వస్తుంది. కాలేజీ సంతకం, ముద్ర ఉన్న కన్సెషన్ కాగితం కావాలి. మూడు నెలలది తీసుకుంటే నెల ధరకి 2.7 రెట్లే. రిజర్వేషన్ పెట్టెలో ఎక్కితే చెల్లదు, సూపర్‌ఫాస్ట్‌కి సర్‌చార్జీ వేరే. ఖల్లికోట్ యూనివర్సిటీకి ఈ పద్ధతి నడుస్తుంది. గొళంతర దగ్గర ఇంజనీరింగ్ చదివేవాళ్ళు గొళంతర స్టేషన్ ఉంది కదా అనుకుంటారు, అక్కడ పాసింజర్లే ఆగుతాయి. పాసింజరు ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోయినట్టే, హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడేవాళ్ళకి ఇది ప్రమాదం. భంజబిహార్‌కి మాత్రం రైలు దిగి మళ్ళీ 12 కిలోమీటర్లు, రోజూ చేయదగ్గది కాదు.

వంశధార_గట్టు:

గుణుపురం, పర్లాకిమిడిలో చదివేవాళ్ళూ ఇదే ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా. పర్లాకిమిడిలో ఓనర్లు చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళే, గది దొరకడం తేలిక. పక్కనే పాతపట్నంలో అద్దెకుంటూ వచ్చేవాళ్ళూ ఉన్నారు, అది ఆంధ్రా. ఆర్.సీతాపురం వైపు క్యాంపస్‌లో చదివేవాళ్ళకి ఊళ్ళో గది దూరమే. గుణుపురంలో నౌపడా లైను రైళ్ళు కొద్ది, రైలు తప్పితే బస్సే, అందుకని ఇంటికి వెళ్ళిరావడం అన్నది లెక్కలో పెట్టుకోకండి.

ఈ రెండుచోట్లా హాస్టలైనా గదైనా దోమతెర తప్పనిసరి. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలు మలేరియా ఉన్నవి, అందులో ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ఎక్కువ. కాయిల్స్ నమ్ముకోకండి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని రెండ్రోజులు చూద్దాం అనుకోకుండా అదేరోజు రక్తపరీక్ష చేయించాలి. బయట ఒంటరిగా ఉండేవాళ్ళ దగ్గర ఆలస్యం జరిగేది ఇక్కడే, గదిలో పడుకుంటే అడిగేవాళ్ళు ఉండరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో దారులు, కరెంటు తెగిపోయాయి. వానాకాలం దాటేదాకా గదిలో వారానికి సరిపడా అటుకులు, మందులు, నింపిన పవర్ బ్యాంకు, రెండు క్యాన్ల నీళ్ళు ఉంచుకోవాలి. హాస్టల్లో జనరేటరు ఉందా, దానికి మోటారు కలిపారా, లేక ఆఫీసు లైట్లకేనా అన్నది అడగదగ్గ ప్రశ్న.

మెస్_సెక్రటరీ:

జాబితా రాకముందే క్లాసులు మొదలైతే ఏం చేయాలన్నది ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యకాలానికి 11 నెలల అగ్రిమెంటు చేసుకోకండి. అంబపువా హాస్టల్లాంటి చోట నెలవారీగా అడగండి. డిపాజిట్ ఒక నెలకి మించకుండా, 15 రోజుల ముందు చెబితే వదిలేసేలా. నెలతోనే ఖాళీ చేసేస్తే 90 రోజుల మినహాయింపు వర్తించదు కాబట్టి అప్పుడు జీఎస్టీ ఎవరిమీద పడుతుందో ముందే అడగండి. పరుపు, బకెట్ తప్ప ఏమీ కొనొద్దు.

హాస్టల్ జాబితా నోటీసు బోర్డుమీద పెట్టాక డబ్బు కట్టడానికి గడువు కొద్దిరోజులే ఉంటుంది, దాటితే సీటు తర్వాతివాళ్ళకి పోతుంది. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒకసారి, వార్డెన్ ఆఫీసులో ఒకసారి, వారానికి రెండుసార్లు వెళ్ళి కనుక్కోమనండి. అడ్మిషన్ రసీదు, మార్కుల జాబితా, కులం సర్టిఫికెట్ ఉంటే అది, ఆధార్, నాలుగు ఫోటోలు, గార్డియన్ సంతకం చేసిన కాగితం ముందే ఫైల్లో పెట్టి ఉంచాలి. ఆ గార్డియన్ సంతకం కోసమే రాయగడ నుంచి మళ్ళీ ఒక రాత్రి బస్సు ప్రయాణం పడుతుంది, కాబట్టి మీరు చేర్చడానికి వచ్చినరోజే రెండు ఖాళీ ఫారాలు తెచ్చుకుని సంతకం పెట్టి ఇచ్చి వెళ్ళండి. లోకల్ గార్డియన్ పేరు అడుగుతారు, బరంపురంలో ఉన్న బంధువు ఎవరో ఒకరి ఫోన్ నెంబరు, ఆధార్ నకలు కూడా అందులో పెట్టండి.